తెప్పల విమానము

కొల్లేటి సరస్సున గూడబాతులు నీటినుండి లేచు విధము చూడదగినది. పిచ్చుకవలె అవి కూర్చున్న చోటినుండి తటాలున ఎగురజాలవు. బరువైన ఆ పక్షి మొదట ఱెక్కలు విప్పి, కాళ్ళతో నీటిని వెనుకకు తన్నుచు, కొంతదూరము నీటిపైననే సాగిపోవును. ఆ పరుగున దాని రొమ్ము క్రమముగా పైకి తేలును. తుదకు పాదములు మాత్రమే నీటిని తాకుచుండును. పిమ్మట అవియును విడిపోవును. ఒకమారు గాలిలోనికి చేరినపిదప అది ఱెక్కలు చాచి ఎంతో సేపు సుఖముగా తిరుగగలదు. కష్టమంతయు నీటిని విడుచు ఆ కొద్ది క్షణములలోనే యున్నది.

నీటినుండి ఎగురు విమానమును నిర్మింపబూనిన మానవునకును ఈ చిక్కే ఎదురయ్యెను. నేడు చెరువుగట్టున నిలిచి, చేతిలోని రేడియో పెట్టెతో రెండు కిలోల బొమ్మవిమానమును నీటిపై నడపు బాలునకును ఇదియే చిక్కు. నేలపై చక్రములు తేలికగా దొర్లిపోవును. నీరు అట్లు కాదు. అది ముందు దారి ఇయ్యదు, వెనుక విడిచిపెట్టదు.

ఈ చిక్కును మొదట దాటినవాడు ఆన్రీ ఫాబ్ర్ అను ఫ్రెంచి దేశీయుడు. ఇతడు 1882లో మార్సేయి నగరమున, ఓడల వ్యాపారము చేయు కుటుంబమున జన్మించెను. సముద్రపుటొడ్డున పెరిగినవాడగుటచే, విమానము నేలపై పడిన విరుగును గాని నీటిపై పడిన అంత హాని కలుగదని అతడు తలచెను. ఆ తలంపు మంచిదే. కాని పనిలో దిగినపిమ్మట నీటి స్వభావము అతనికి తెలిసివచ్చెను. 1909లో మూడు ఇంజనులు అమర్చి అతడు నిర్మించిన మొదటి యంత్రము ఎంత ప్రయత్నించినను నీటిని వీడలేదు. తగిన బలము లేక అది పడవగానే మిగిలిపోయెను.

ఫాబ్ర్ మరల పనికి పూనుకొనెను. రెండవ విమానమునకు ఏబది అశ్వశక్తుల నోమ్ ఇంజనును అమర్చెను. దాని ఱెక్కల నిడివి 14 మీటర్లు. ఱెక్కలపై కప్పిన బట్టను ఓడ తెరచాపవలె ముడుచుటకు వీలుండెను. సాధారణముగా వెనుకనుండవలసిన తోక దీనికి ముందుండెను; ప్రొపెల్లరు వెనుకనుండెను. క్రింద మూడు తెప్పలు, ముందొకటి, వెనుక రెండు. ఆంగ్లమున ఫ్లోటులనబడు ఈ తేలెడు పెట్టెలను తెప్పలనుట తెలుగువారికి సుబోధముగా నుండును. ఫాబ్ర్ తెప్పల అడుగు చదునుగను, పైభాగము ఱెక్కవలె వంపుగను ఉండెను. గాలిలోనికి పోయిన తరువాత అవి వట్టి బరువుగా వ్రేలాడక, ఱెక్కలతోపాటు కొంత ఎత్తుబలమును కూడ ఇయ్యవలెనని అతని ఊహ.

1910 మార్చి 28వ తేదీన మార్టీగ్ పట్టణ సమీపమున, బేర్ అను ఉప్పునీటి సరస్సుపై ఫాబ్ర్ ఈ యంత్రము నెక్కెను. కూర్చుండుటకు ఆసనమనదగిన ఆసనమును లేదు. కఱ్ఱదూలముపై గుఱ్ఱమెక్కినట్లు కూర్చుండెను. అంతకు పూర్వము అతడు విమానమును నడిపి ఎఱుగడు. నేర్పువారును లేరు, నీటినుండి ఎగిరిన విమానమే అప్పటికి లోకమున లేదు. యంత్రము నీటిని చీల్చుచు సాగి, తేలి, తుదకు విడివడెను. నీటికి కొంచెము ఎత్తున సుమారు అర కిలోమీటరు దూరము పోయి, మరల క్షేమముగా నీటిపై దిగెను. ఆనాడే అతడు మరి మూడుమారులు ఎగిరెను.

ఈ విజయము ఫాబ్రునకు ధనమును తేలేదు. కొలదికాలమునకే అతడు స్వంత విమానముల నిర్మాణము మానుకొనవలసి వచ్చెను. కాని అతని తెప్పలను ఇతర నిర్మాతలు కోరి తీసికొనిరి. 1911లో వాజాన్ సోదరులలో ఒకని విమానము ఫాబ్ర్ తెప్పలపై పారిస్ నగరమందలి సేన్ నదినుండి ఎగిరెను. ఫాబ్ర్ నూటొక్క సంవత్సరములు జీవించి 1984లో మరణించెను. అతని విమానము నేటికిని పారిస్ సమీపమున లె బూర్జే మ్యూజియమున భద్రముగా నున్నది.

ఆ దినములలోనే అమెరికాలో గ్లెన్ కర్టిస్ అను నిర్మాత ఇదే పనిలో నుండెను. 1908లో అతడు నేలపై చక్కగా ఎగిరిన తన విమానమునకు తెప్పలు కట్టి చూచెను. దానికి ఒక నీటిపక్షి పేరు పెట్టెను గాని, పేరు మాత్రమున అది పక్షి కాలేదు. నీటిపై పరుగెత్తెను గాని ఎగురలేదు. 1911 జనవరి 26న శాన్‌డియెగో రేవులో అతని ప్రయత్నము ఫలించెను. పిమ్మట విమానపు దేహమునే పడవగా మలచు పనికి పూనుకొనగా, పాత చిక్కు మరల వచ్చెను. ఇంజను బలము చాలినను, పడవ అడుగును నీరు విడువలేదు. 1912లో కర్టిస్ ఆ అడుగున, పొడవునకు నడుమ, చిన్న మెట్టు నొకదానిని కల్పించెను. అంతట పడవ నీటిని విడిచెను.

చెయ్యి వెడల్పు కూడ లేని ఒక మెట్టు ఇంతపని ఎట్లు చేసెను? దీనిని తెలిసికొనుటకు వంటయింటిలో ఒక పరీక్ష చేయవచ్చును. కుళాయి ధారను సన్నగా వదలి, ఒక చెంచాను తోకకొసతో వదులుగా పట్టుకొని, దాని ఉబ్బెత్తు వీపును ధారకు తాకింపవలెను. నీరు చెంచాను ఆవలకు నెట్టునని తోచును. కాని చెంచా ధారలోనికే లాగబడును. వంపుగల తలమును అంటి పారునపుడు నీరు ఆ తలమును తనవైపునకు లాగుకొనును. తెప్ప వెనుకభాగము వంపుతో పైకి లేచియుండును గనుక, పరుగెత్తు తెప్పను నీరు ఇట్లే క్రిందికి లాగుచుండును. ఇంజను ముందునకు లాగుచుండగా నీరు వెనుక పట్టుకొని వ్రేలాడుచున్నట్లుండును. అడుగున మెట్టున్నచో, నీరు ఆ అంచువరకు వచ్చి, వంపు తిరుగలేక తెగిపోవును. మెట్టు వెనుకనున్న ఖాళీలోనికి గాలి చొరబడును. అప్పుడు తెప్ప వెనుక సగము నీటిని తాకక, ముందు సగములో కొంతభాగము మాత్రమే నీటిపై జారుచుండును. గూడబాతు పాదములు మాత్రమే నీటిని తాకు ఘట్టమునకు ఇది సమానము.

నాటినుండి నేటివరకు తెప్పలపై ఎగురు విమానములు ఈ మెట్టును విడువలేదు. 2024 నవంబరు 9న విజయవాడలో ప్రకాశం బ్యారేజి ఎగువ కృష్ణానది నీటిపైనుండి ఒక జలవిమానము లేచి శ్రీశైలమునకు పోయినది. ప్రదర్శనార్థము జరిగిన ఆ ప్రయాణమున ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రియు ఉండిరి. విమానము పైకి లేచినపుడు అందరి చూపులును ఱెక్కలపైననే యుండును. పని ముగించిన మెట్టు మాత్రము క్రిందనుండి నీటిబొట్లు రాల్చుచు పోవును.

బొమ్మవిమానములకు రేడియో ఎప్పుడు చేరినది? చిత్రమేమనగా, రేడియోతో నడచిన మొదటి వాహనము నీటిమీదిదే. 1898లో నికొలా టెస్లా న్యూయార్కు నగరమందలి మాడిసన్ స్క్వేర్ గార్డెనులో చిన్న పడవ నొకదానిని తీగె లేకుండ నడపి చూపెను. గాలిలో ఎగురు బొమ్మకు ఈ విద్య అబ్బుటకు మరి నాలుగు దశాబ్దులు పట్టినది. మిచిగన్ రాష్ట్రమున కలమజూ పట్టణ కళాశాలలో చదువుచుండిన వాల్టర్ గుడ్, విలియం గుడ్ అను కవల సోదరులు 1937లో తమ బొమ్మవిమానమును రేడియోతో నడపిరి. విలియమునకు రేడియో కట్టుట వచ్చును. వాల్టరునకు విమానములు కట్టుట వచ్చును. ఆనాటి రేడియో గొట్టములు, బ్యాటరీలు మోయుటకు ఎనిమిది అడుగుల ఱెక్కలు కావలసి వచ్చెను. నేటి రిసీవరు అగ్గిపెట్టెకన్న చిన్నది. సర్వోలనబడు చిన్న మోటారులు దాని ఆజ్ఞననుసరించి చుక్కానిని, తోకపలకను త్రిప్పును. పూర్వము ఇద్దరు ఒకే అలపై ప్రసారము చేసిన, ఒకని ఆజ్ఞ మరియొకని విమానమునకు పోయి అది కూలెడిది. అందుచే సంఘములవారు అంకెలు వ్రాసిన బట్టలక్లిప్పులను పలకపై పెట్టియుంచిరి. ఏ అంకె క్లిప్పు తన చేతనున్నదో ఆ అలపై మాత్రమే నడపవలెను. నేటి పరికరములు ఒకదాని మాట మరియొకటి వినకుండ తామే జాగ్రత్తపడుచున్నవి. క్లిప్పుల అవసరము తీరినది.

పెద్దవిమానపు కొలతలన్నిటిని సమముగా తగ్గించినచో చక్కని బొమ్మ సిద్ధమగునని బాలురు తలతురు. గాలికి ఆ లెక్క కొంత సరిపోవును గాని నీటితో తగవు వచ్చును. ఇంగ్లండున విలియం ఫ్రూడ్ అను ఇంజనీరు 1872లో టార్కీ పట్టణమున పొడవైన తొట్టి కట్టించి, ఓడబొమ్మలను నీటిపై లాగించి ఈ విషయమును పరిశోధించెను. పొడవు తొమ్మిదవ వంతైన, ఆ బొమ్మ అసలు ఓడవంటి అలనే లేపుటకు మూడవ వంతు వేగము చాలునని అతడు కనుగొనెను. ఇది బొమ్మకు మేలే. కాని బొమ్మ లేపు అల చిన్నదైనను, గాలి లేపు అల చిన్నది కాదు. జానెడు కెరటము పెద్దవిమానమునకు లెక్కలోనిది కాదు. బొమ్మకు అది తెప్పకన్న ఎత్తైన గోడ. అందుచే బొమ్మల తెప్పలను నిర్మాతలు అనుభవముమీద కొంత పెద్దవిగా చేయుదురు.

ఒక ఉదాహరణము చాలును. విమానము తెప్పలతో కూడ 2 కిలోల బరువని అనుకొందము. తేలుటకు 2 లీటర్ల నీటిని తొలగించిన చాలునని ఆర్కిమిడీసు సూత్రము చెప్పును. కాని అంతటితో తెప్పలు పైఅంచువరకు మునిగి, మొదటి అలకే విమానము తిరుగబడును. అందుచే రెండు తెప్పలు కలిసి 4 లీటర్లు, అనగా బరువునకు ఇంచుమించు రెండింతలు నీటిని తొలగింపగలిగి యుండవలెను. విమానము పొడవు 120 సెంటీమీటర్లైన, తెప్ప పొడవు 90 మొదలు 96 సెంటీమీటర్లు. ఱెక్కల నిడివిలో నాలుగవ వంతు తెప్పల నడుమ ఎడముండిన, ప్రక్కగాలికి ఒరగదు. తెప్పల ముక్కులు ప్రొపెల్లరుకన్న ముందునకు సాగియుండవలెను. లేనిచో ఇంజను బలము పెంచిన వెంటనే విమానము ముక్కు నీట గ్రుచ్చుకొనును.

అన్నిటికన్న ముఖ్యమైనది మెట్టు ఉండవలసిన చోటు. విమానమును రెండు వ్రేళ్ళపై నిలిపిన ఏ చోట తూగునో అది గురుత్వకేంద్రము. మెట్టు దానికి సరిగా క్రిందుగా, ఒక వ్రేలివెడల్పు వెనుకగా ఉండవలెను. మరీ వెనుకకు జరిపిన, ఎగురవలసిన వేళ ముక్కు పైకి లేవదు. ముందునకు జరిపిన, విమానము నీటిపై ఊయలవలె ముందువెనుకలకు ఊగుచు పరుగెత్తును. తెప్పల పైతలమునకు ఱెక్క రెండు మూడు డిగ్రీలు ముక్కెత్తియుండుటయు అవసరమే.

తెప్పలను బాల్సా కఱ్ఱతో గాని, థర్మోకోలుతో గాని చేయుదురు. థర్మోకోలును కాగిన తీగెతో వెన్నవలె కోయవచ్చును. అయితే పెట్రోలును, కొన్ని జిగురులును తగిలిన అది కరిగిపోవును. ఎపాక్సీ జిగురు దానిని కరిగింపదు. కోసినపిమ్మట గరుకు కాగితముతో రుద్దుట అందరికిని ఇష్టమైన పని. నునుపుదనము ఎవరికి ముద్దుగానుండదు? కాని తెప్ప అడుగున ప్రక్కల అంచులను, మెట్టు అంచును మాత్రము రుద్దరాదు. అవి పలకవలె వాడిగానుండవలెను. అంచు గుండ్రబడిన, నీరు దానిని పట్టుకొని వంపు తిరుగును. మెట్టు ఉండియు లేనిదగును. ముచ్చటపడి మూడు దినములు నునుపుచేసిన తెప్పలు నీటిని వీడకుండుటకు తరచుగా ఇదియే కారణము.

తెప్పలు కట్టినపిదప విమానపు ముందుభాగమున ప్రక్కతలము పెరుగును. గాలిలో అది దారి తప్ప చూచును. తోకక్రింద చిన్న పలక నొకదానిని అతికించిన ఆ దోషము తీరును. రిసీవరును ప్లాస్టిక్ సంచిలోనుంచి మూతి బిగింతురు. నీటిపై మెల్లగా నడచునపుడు గాలిచుక్కాని పనిచేయదు గనుక, తెప్ప వెనుక చిన్న నీటిచుక్కాని కూడ కావలెను.

ఎగురుటకు అద్దమువంటి నిశ్చలమైన నీరు మేలని తోచును గాని అది పొరపాటు. అట్టి నీరు తెప్పలను విడువదు. పైగా దిగునపుడు నీరెక్కడనున్నదో కంటికి అందదు. సన్నని చిరుగాలికి బియ్యపు గింజలవలె అలలు లేచు నీరే మేలు. ఆ అలల సందులనుండి గాలి తెప్పలక్రిందికి పోవును. పెద్ద జలవిమానములు నడపువారును, నీరు మరీ నిశ్చలముగా నున్నపుడు మరపడవను ముందు త్రిప్పించి అలలు లేపించుకొందురు.

విమానమును గాలికి ఎదురుగా నిలిపి, తోకపలకను పైకెత్తి, ఇంజను బలమును క్రమముగా పెంచవలెను. మొదట తెప్పలు పడవలవలె నీటిని చీల్చును. ముందొక అల లేచి, విమానము తన అలను తానే ఎక్కలేక ఆయాసపడును. నీటి నిరోధము అన్నిటికన్న హెచ్చుగానుండు ఈ ఘట్టమును ఇంజనీర్లు మూపురమందురు. మూపురము దాటినంతనే తెప్పలు మెట్టుపైకెక్కి జారును. చిమ్ములు వెనుకకు పోవును. ఇంజను ధ్వనియే మారును. ఇప్పుడు తోకపలకను సడలింపవలెను. క్రొత్తవారు ఇచ్చటనే తొందరపడి ముక్కును పైకి లాగుదురు. వేగము చాలక విమానము రెండు మూడడుగులెగిరి, ఱెక్క వాల్చి పడును. మరి నాలుగు క్షణములు ఓర్చి పరుగెత్తనిచ్చిన అది తానే తేలిపోవును. అప్పటికిని విడువకున్న, ఒక ఱెక్కను కొంచెమెత్తి ఒక తెప్పను ముందు విడిపించిన, రెండవది సులభముగా వెంబడించును.

దిగునపుడు కూడ గాలికి ఎదురుగానే, ఇంజనును పూర్తిగా ఆపక, నీటిని మెట్టుతో తాకునట్లు దింపవలెను. ముక్కు ముందు తాకిన పిల్లిమొగ్గ తప్పదు. తిరుగబడిన విమానము మునుగకపోవచ్చును గాని చెరువు నడుమ ఇంజను ఆగి నిలిచిపోవును.

ఆ వేళనే నిజమైన అపాయమున్నది. వారముల తరబడి శ్రమించి చేసిన బొమ్మ కన్నులయెదుట నీట నానుచుండగా, ఈదివచ్చిన బాలునకు దుముకవలెనని తోచుట సహజము. మన చెరువులలో తూటికాడలు, గుఱ్ఱపుడెక్క, అడుగున కాలు దిగబడు బురద గలవు. నీటిపైనుండి దగ్గరగా కనబడు బొమ్మ, ఈదునపుడు అంత దగ్గర కాదు. దానికొఱకు నీటిలో దుముకరాదు. నేర్పరులు ఎగురుటకు ముందే ఒడ్డున పడవను, లైఫ్ జాకెట్టు ధరించిన పెద్దవానిని సిద్ధముగానుంచుకొందురు. కొందరు గాలపు కఱ్ఱకు బంతి కట్టి విసరి, దారముతో బొమ్మను లాగుకొందురు. ఏదియు లేనిచో గట్టున కూర్చుండి వేచియుండవలెను. గాలి మెల్లగా దానిని ఏదో ఒక ఒడ్డునకు చేర్చును. ఇంజను పనిచేయుచున్నంతసేపు ప్రొపెల్లరు దగ్గరకు చేయి పోనీయరాదు. అది చిన్నదైనను వ్రేళ్ళను కోయగలదు.

మనదేశమున 2021 నాటి డ్రోను నిబంధనలు చదువు, పరిశోధన, వినోదము కొఱకైన 25 కిలోలకు మించని బొమ్మవిమానములను గుర్తించినవి. అయితే నడపువాని కంటికి కనబడునంత దూరమునందే వానిని ఎగురవేయవలెను. విమానాశ్రయముల చుట్టుపట్ల అనుమతి లేక ఎగురవేయరాదు. ఎన్.సి.సి. వైమానిక విభాగమున చేరిన విద్యార్థులకు బొమ్మవిమానముల నిర్మాణము శిక్షణలో భాగము. ఈ విద్య నేర్వగోరువారికి అది మంచి ద్వారము.

ఇంటికి తెచ్చినపిమ్మటను పని మిగిలియుండును. ఉప్పునీట ఎగిరిన విమానమును మంచినీటితో కడిగి ఆరబెట్టవలెను. తడిసిన బ్యాటరీని ఇంటిలోనికి తేక, బయట విడిగా ఉంచి పరీక్షింపవలెను. తుదకు విమానమును త్రాసున వేసి తూచుదురు. ఉదయము 2 కిలోలున్నది సాయంకాలము 50 గ్రాములు హెచ్చియున్నచో, ఆ హెచ్చు తెప్పలలో చేరిన నీరే. తెప్పను చెవియొద్ద ఊపి వినిన ఏ గదిలో నున్నదో తెలియును. ఆ చోట సన్నని రంధ్రము చేసి, నీటిని కార్చి, రాత్రియంతయు తలక్రిందులుగా వ్రేలాడదీసి, మరునాడు చీలిక కనబడువరకు వెదకుదురు.